ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర వాంగ్మూలం

చొక్కా తడపడానికి మగ్గున్నర నీళ్లు చాలు. మూడు నెలల అనుభవంతో చెబుతున్నాను. ఒక మగ్గు పోస్తే మెట్లెక్కి వచ్చినట్టుంటుంది. రెండు పోస్తే నూతిలో పడి లేచినట్టుంటుంది. మగ్గున్నర నీళ్లు మెడ దగ్గర మొదలుపెట్టి వెన్ను మీదుగా దింపితే, అచ్చం పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మనిషే.

ఈ విద్య నాకెలా పట్టుబడిందో చెబుతాను. మీరు నా స్నేహితులు కాబట్టి నవ్వుతారు. కానివ్వండి. కాస్త దూరం పోయాక ఎలాగూ నవ్వు రాదు.

నేను కోర్టులో స్టెనోనని మీకు తెలుసు కదా. సాక్షులు చెప్పేదంతా తీసుకుని టైపు చెయ్యడం నా పని. తొమ్మిదేళ్లుగా మనుషులు ప్రమాణం చేసి మరీ అబద్ధాలాడుతుంటే అక్షరం పొల్లుపోకుండా రాశాను. ఏ అబద్ధం తీర్పు దాకా నిలుస్తుందో, ఏది మధ్యాహ్నం భోజనానికి ముందే కూలిపోతుందో నాకు తెలుసనుకునేవాణ్ణి.

మా ఆవిడ ఆసుపత్రిలో, క్యాజువాలిటీలో నర్సు. మా పెళ్లయి ఈ గొడవ జరిగే నాటికి మూడు నెలల పదకొండు రోజులు. రోజులు కూడా లెక్కపెట్టానని ముసిముసిగా నవ్వకండి. గ్లాసులో నా బ్రష్షు పక్కన ఇంకో బ్రష్షు కనిపిస్తే పళ్లు తోముకోవడం మానేసి దాన్నే చూస్తూ నిలబడే దశ అది. ఒకరోజు హత్య కేసు ఫైల్లోంచి ఆవిడ తలపిన్ను జారి బల్ల మీద పడింది. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని "ఇదేమిటయ్యా, సాక్ష్యమా?" అన్నారు. "కాదండీ, మా ఆవిడ" అన్నాను. కోర్టు హాలంతా నవ్వింది. ముద్దాయి కూడా.

అసలు సంగతికి వస్తాను. మొదటిసారి మాట్లాడుకోవడానికి వాళ్లింటికి వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా అత్తగారు టీ ఇచ్చారు. గోడ మీద మామగారి ఫొటో. ఆయన యాభై ఒకటో ఏట, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, మూడో పేజీ తిప్పబోయి పోయారట. చెయ్యి పేజీ మీదే ఉందట.

కాబోయే మా ఆవిడ నా ఉద్యోగం గురించి అడగలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీకు రోజూ వ్యాయామం చేసే అలవాటుందా? మా అమ్మలాగా సగం దారిలో ఒంటరిగా మిగిలిపోవాలంటే నాకు భయం."

ఆ మాట అంటూ ఆవిడ తాగని టీకప్పు బల్ల మీద పెట్టేసింది. మీరైతే ఏమనేవారు? నేనైతే "రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తుతానండీ" అన్నాను.

నిజానికి నేను జీవితంలో పరుగెత్తింది ఒక్కసారే. ఏడో తరగతిలో, కుక్క వెంటపడినప్పుడు. అప్పుడు కూడా కుక్కే గెలిచింది.

ఆవిడ ఒప్పుకుంది. అంటే నా కాపురం మొత్తం ఆ పది కిలోమీటర్ల మీద కట్టుకున్నాను. ఆ ఒక్కటీ కదిలితే రెండో బ్రష్షు గ్లాసులోంచి లేచి వెళ్లిపోతుందన్నమాట. ఆ భయం నాకు రోజూ ఉండేది.

అందుకని పెళ్లయిన మూడో రోజు నుంచే పొద్దున్న అయిదున్నరకి బూట్లు వేసుకుని బయల్దేరేవాణ్ణి. రెండు వీధుల అవతల బేకరీ ఉంది. దాని వెనక ఒక బెంచీ. గంట సేపు కూర్చుని, వేడి బన్ను ఒకటి నేను తిని, ఇంకోటి అక్కడుండే కుక్కకి పెట్టి, పార్కు కొళాయి దగ్గర మగ్గున్నర నీళ్లు పోసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మూడు నెలల్లో నేను రెండు కిలోలు పెరిగాను. కుక్క నాలుగు.

నేను రాగానే ఆవిడ గుమ్మంలో ఎదురొచ్చి నా మణికట్టు పట్టుకునేది. ఏమీ మాట్లాడేది కాదు. అలా అరనిమిషం పట్టుకుని, గోడ గడియారం వైపు ఎటో చూస్తూ నిలబడి, తర్వాత వదిలేది. ఎంత ప్రేమ అనుకునేవాణ్ణి. ఆ అరనిమిషం కోసమైనా నిజంగా పరుగెత్తాలనిపించేది. కూర్చుంటే తగ్గిపోయేది.

ఇలా సాఫీగా సాగిపోతుండగా ఒక సాయంత్రం ఆవిడ చేతిలో కాగితంతో వచ్చింది.

"ఏమండీ, ఊళ్లో మారథాన్ పెడుతున్నారు. మా ఆసుపత్రి వాళ్లే వైద్య సాయం. మీ పేరు రాయించేశాను."

"ఎన్ని కిలోమీటర్లు?"

"నలభై రెండు."

టీ నా గొంతులో దారి తప్పింది.

"నలభై రెండంటే మీకెంత? నాలుగు రోజులది ఒకేసారి పరుగెత్తేస్తే సరి" అంది, నా వీపు తడుతూ.

"నాలుగు రోజులదైతే నలభయ్యేగా?"

"ఆ రెండూ నా కోసం పరుగెత్తండి."

అలా అడిగితే కాదనగలిగే కొత్త మొగుణ్ణి నాకు చూపించండి, దణ్ణం పెడతాను.

రెండు రోజులు అడకత్తెరలో పోకచెక్కలా నలిగాను. మూడో రోజు కోర్టులో ఒక కుంటి సాక్షిని చూడగానే దారి దొరికింది. మూడో కిలోమీటరు దగ్గర కింద పడాలి. మడమ బెణకాలి. అంబులెన్సు ఎక్కాలి. పరుగు మానేసినవాణ్ణి ఎగతాళి చేస్తారు గానీ గాయపడినవాణ్ణి ఎవరంటారు? పైగా ఆ రోజు ఆవిడకి క్యాజువాలిటీలో డ్యూటీ. మంచం మీద పడుకుని వెళితే ఆవిడే పరుగెత్తుకొస్తుంది. తర్వాత మూడు నెలలు విశ్రాంతి. ఆ తర్వాత "డాక్టరు పరుగెత్తొద్దన్నాడు" అంటే జీవితాంతం విశ్రాంతి.

ఇంట్లో మందుల సొరుగులోంచి క్రేప్ బ్యాండేజీ ఒకటి తీసి మేజోడులో దాచాను. ఇంత మంచి పథకం ఇంతవరకూ ఏ ముద్దాయికీ తట్టి ఉండదనుకున్నాను.

పరుగు రోజు తెల్లారకుండానే మైదానంలో వేలమంది. అందరి కాళ్లూ కట్టెపుల్లల్లా ఉన్నాయి, అందరి ముఖాలూ ఏదో కర్మకాండకి వచ్చినట్టున్నాయి. నేను చిట్టచివరి వరుసలో నిలబడ్డాను. తుపాకీ పేలింది.

మొదటి కిలోమీటరు నిజంగానే పరుగెత్తాను. అది నా తప్పు. రెండో కిలోమీటరుకి నా ఊపిరి నాకంటే ముందు వెళ్లిపోయింది, పిలిచినా వెనక్కి రాలేదు. డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ నన్ను దాటుతూ "నోరు మూసుకుని పరుగెత్తు నాయనా, ఈగలు దూరతాయి" అని సలహా ఇచ్చింది. మూడో కిలోమీటరు రాయి దగ్గర, మూసి ఉన్న టైర్ల కొట్టు ముందు, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, మెల్లగా, దెబ్బ తగలకుండా కింద పడ్డాను. "అబ్బా" అన్నాను. వినేవాళ్లు లేక ఇంకోసారి అన్నాను.

వెనక నుంచి తెల్ల బండి వచ్చి ఆగింది. చివరి మనిషి వెనకాలే చివరి దాకా నడిచే అంబులెన్సు అది. తలుపు తెరుచుకుంది. తెల్ల బూట్లు రెండు దిగాయి.

"ఏ కాలు?"

ఆ గొంతు వినగానే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి.

"నువ్వా! నీకు ఇవాళ క్యాజువాలిటీలో కదా?"

"మార్చుకున్నాను. ఏ కాలు?"

"కుడి."

"పడినప్పుడు ఎడమది పట్టుకున్నారు."

"నొప్పి పాకింది."

ఆవిడ కుడి మేజోడు కిందికి లాగింది. బ్యాండేజీ చుట్ట టైర్ల కొట్టు దాకా దొర్లుకుంటూ వెళ్లింది.

"ఇది మన సొరుగులోది. మంగళవారం నుంచి కనిపించడం లేదు."

"ముందుజాగ్రత్తకి తెచ్చుకున్నాను."

"అంటే ఇక్కడే, ఇప్పుడే, ఇదే కాలు బెణుకుతుందని మంగళవారమే తెలిసిందన్నమాట."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. యూనిఫారంలో, జడలో పెన్ను గుచ్చుకుని, ఆవిడ ఎంత బాగుందో! ఆ స్థితిలో కూడా నాకు ఆ ఆలోచన వచ్చిందంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

"బండెక్కుతాను" అన్నాను.

"ఎక్కండి. తలుపు తీసే ఉంది. ఎక్కేముందు కారణం చెప్పండి."

"కాలు..."

"కాలు సంగతి కాదు. అసలు కారణం."

చూశారా? అసలు కారణం చెబితే ఆ మొదటి రోజు టీకప్పు దాకా వెళ్లాలి. లేచి, చొక్కా దులుపుకుని, నడవడం మొదలుపెట్టాను.

"పరుగెత్తకండి" అని వెనక నుంచి కేకేసింది. "నడవండి. నడిస్తే నా బండికి పనుండదు."

అలా మొదలైంది మా ఊరేగింపు. ముందు నేను, వెనక అంబులెన్సు. డ్రైవరు పెద్దాయన. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని నిదానం అంటారు, లోపల రోగి లేకపోతే బండిని ఇరవై దాటనివ్వడట. నేను వెనక్కి తిరిగి "మీరు మరీ నిదానమటగా" అని పలకరించాను.

"తొందరపడినవాళ్లనే కదండీ నేను మోసేది" అన్నాడు.

ఆయనకి దారి పొడుగునా జ్ఞాపకాలే. "ఈ మలుపులో ఒకాయనండీ, పోయినేడు. ఆ మందుల షాపు ఉందే, సరిగ్గా దాని ముందు ఇంకొకాయన. పాపం షాపు మూసేసుంది. మీరు నడవండి, మీరు నడవండి, నేనేదో మాటవరసకి."

తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఆవిడ కిటికీలోంచి నీళ్ల సీసా అందించింది.

"ఎక్కుతారా? కారణం?"

"ఈ మధ్య కొంచెం సాధన తగ్గింది."

"ఎంత తగ్గింది?"

"కొంచెమే."

ఆవిడ జేబులోంచి చిన్న పుస్తకం తీసి చదివింది. "పెళ్లయిన మూడో రోజు, డెబ్బై రెండు. నాలుగో రోజు, డెబ్బై. అయిదో రోజు, అరవై ఎనిమిది."

"ఏమిటవి?"

"మీ నాడి. గుమ్మంలో రోజూ చూసేదాన్ని. పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మనిషికి అరవై ఎనిమిదా? మా వార్డులో మత్తిచ్చి పడుకోబెట్టినవాళ్లకుంటుంది అరవై ఎనిమిది."

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఆ అరనిమిషాలు! తొంభై రోజుల అరనిమిషాలు! ప్రేమ అనుకున్నదంతా లెక్కా?

"నా గుండె బలమైనది" అన్నాను.

"సిస్టరమ్మా, బలమైన గుండెలే మొదట మోసం చేస్తాయమ్మా" అన్నాడు నిదానం.

"మీరుండండి. ఏమండీ, కారణం?"

కోర్టులో చూశాను కదా, కత్తి మీద తన వేలిముద్రలే ఉన్నాయని చూపించినా "కూరగాయలు తరిగానండీ" అనే ముద్దాయిల్ని. వాళ్లంటే నాకు మొదటిసారి గౌరవం కలిగింది. అడుగు వెనక్కి వెయ్యాలి గానీ పడిపోకూడదు.

"సరే. పెళ్లయ్యాక మానేశాను. నిన్ను వదిలి పొద్దున్నే వెళ్లబుద్ధి కాలేదు."

"మరి పెళ్లికి ముందు?"

"ముందు పరుగెత్తేవాణ్ణి. రోజూ. పది."

ఆవిడ నా ముఖం వంక చాలాసేపు చూసింది. పుస్తకం జేబులో పెట్టేసుకుంది. "నడవండి" అంది.

పదిహేనో కిలోమీటరుకి ఎండ ముదిరింది. బూటులో ఏదో పగిలింది, చూడ్డానికి ధైర్యం లేకపోయింది. ఆవిడ నా నెత్తి మీద తడిగుడ్డ కప్పి, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి, అరటిపండ్లు రెండు ఇచ్చి, మళ్లీ "కారణం?" అంది. ఇంత ప్రేమగా ఇంత హింసించడం నేను ఏ కేసులోనూ చూడలేదు. ఇరవయ్యో కిలోమీటరుకి నా ముందు ఎవరూ కనబడడం మానేశారు. నీళ్లిచ్చే బల్లలు కూడా మడిచేస్తున్నారు. రోడ్డంతా తొక్కేసిన కాగితపు గ్లాసులు. వాటి మీద నడుస్తుంటే ఎవరో నా వెనకే పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు.

ఇరవై మూడో కిలోమీటరు దాటాను. బండిలో వైర్‌లెస్ గరగరమంది. ఆవిడ వినగానే నిటారుగా కూర్చుంది.

"ఇరవై ఏడు దగ్గర మనిషి పడిపోయాడు. నిదానంగారూ!"

ఆయన పేరుకి తగ్గట్టు ఒక్క క్షణం కూడా ప్రవర్తించలేదు. సైరన్ వేసి, బండిని నా పక్క నుంచి తుఫానులా పోనిచ్చాడు. నన్ను దాటేటప్పుడు కిటికీలో ఆవిడ ముఖం కనిపించింది. నన్ను చూడలేదు. అప్పటికే చేతికి గ్లవుజులు తొడుక్కుంటోంది.

నా వెనక ఎవరూ లేరు. మూడు నెలల్లో మొదటిసారి నన్ను చూసేవాళ్లు లేరు. పాలడబ్బాల బండివాడు ఆగి "ఎక్కండి సార్, దింపేస్తా" అన్నాడు. ఎక్కొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఎక్కితే ఇంకో అబద్ధం తయారు చెయ్యాలి. దానికి కూడా ఓపిక లేదు. వద్దని నడిచాను. నాలుగు కిలోమీటర్లకి గంట పట్టింది. మధ్యలో రొమ్ము కింద ఎడమవైపు ఏదో బరువుగా అనిపించింది. అదేమిటో ఆలోచించలేదు. ఆ సైరన్ ఎందుకు ఆగిపోయిందో అదే ఆలోచించాను.

ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర పెద్ద అంబులెన్సు ఒకటి అప్పుడే వెళ్లిపోతోంది. సైరన్ వెయ్యలేదు.

రోడ్డు పక్కన ఒక కుర్రాయన పరుగు దుస్తుల్లో నిలబడి ఉన్నాడు. చేతిలో ఒంటి బూటు. దాని తాడు రెండు ముళ్లు వేసి గట్టిగా కట్టి ఉంది. ఆయనది కాదు అది, ఆయన కాళ్లకి రెండు బూట్లూ ఉన్నాయి. ఎవరో వచ్చి భుజం పట్టి కారెక్కిస్తే ఆ బూటు వదలకుండానే ఎక్కాడు.

మా ఆవిడ కాలిబాట అంచున కూర్చుని సీసాలోంచి నీళ్లు పోసుకుంటూ చేతులు కడుక్కుంటోంది. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఇంకా కడుగుతూనే ఉంది. నిదానం దుప్పటి మడత పెడుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు.

"ఇరవై నిమిషాలు చేశానండీ" అంది, తలెత్తకుండా. "ఇరవై నిమిషాలు నొక్కాను. రాలేదు."

నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"స్కూల్లో డ్రిల్ మాస్టారట. నలభై ఆరేళ్లు. పన్నెండేళ్లుగా రోజూ పరుగెత్తేవాడట. బావమరిది మొదటిసారి పరుగెత్తుతున్నాడని పక్కనే తోడొచ్చాడట. మెల్లగా." సీసా ఇంకోసారి వంచి అంది, "రోజూ పరుగెత్తేవాడటండీ."

నీళ్లయిపోయాయి. ఖాళీ సీసా పక్కన పెట్టింది.

"బండెక్కండి, ఇంటికి పోదాం."

"కారణం?"

"ఏం అక్కర్లేదు. ఎక్కండి."

ఇరవై నాలుగు కిలోమీటర్లుగా ఆ తలుపు కోసం నడిచాను. ఇప్పుడది ఊరికే తెరుచుకుంది. నాకు ఎక్కబుద్ధి కాలేదు. ఆవిడ పక్కన కూర్చోవడానికి వంగాను. మోకాళ్లు వంగలేదు. స్తంభంలా పక్కకి ఒరిగి, ఎలాగో కూలబడ్డాను.

"నేనెప్పుడూ పరుగెత్తలేదు" అన్నాను. "పెళ్లికి ముందూ లేదు, తర్వాతా లేదు. మీ ఇంట్లో చెప్పింది అబద్ధం. నువ్వు ఆరోగ్యంగా ఉండే మనిషి కావాలన్నావు, నాకేమో నువ్వు కావాలనిపించింది. నువ్వు ఒప్పుకున్నది నన్ను కాదు, ఆ పది కిలోమీటర్లని. రోజూ బేకరీ వెనక కూర్చుని బన్ను తిని వస్తున్నాను. కుక్క కూడా ఉంది."

తొమ్మిదేళ్లు వాంగ్మూలాలు రాసిన మనిషిని. నాది మాత్రం ఎంత గజిబిజిగా వచ్చిందో చూడండి. కుక్క సంగతి ఎవరడిగారు?

"తెలుసు" అంది.

"నాడి చూశావు కాబట్టి..."

"మొదటి రోజే తెలుసు. మూడంతస్తులెక్కి వచ్చి, సోఫాలో కూలబడి, రెండు చెంబుల నీళ్లు తాగి, నోట మాట రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత పది కిలోమీటర్లన్నారు. మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. రెండో కప్పు టీ ఎందుకు ఆలస్యమైందనుకున్నారు?"

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

ఆవిడ ఖాళీ సీసాకి మూత బిగించింది.

"మా నాన్న చాలా బాగా అబద్ధం ఆడేవారండీ. మూడు నెలలు గుండెలో నొప్పి. అరగలేదంటూ సోడా తాగేవారు. నవ్వుతూ. నేనప్పుడు నర్సింగ్ చివరి ఏడు. అదే ఇంట్లో ఉన్నాను. ఎదురుగా కూర్చుని భోంచేసేదాన్ని. ఒక్కరోజు కూడా నాకు అనుమానం రాలేదు. అంత బాగా ఆడేవారు."

నిదానం దుప్పటి మడవడం ఆపేశాడు.

"మీరు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. రెండూ. టొమాటోల్లా. ఆ రోజు మా ఇంట్లో అవి చూసే ఒప్పుకున్నాను. ఇంత చేతకాని అబద్ధాలకోరు మళ్లీ దొరకడనుకున్నాను. ఈయనైతే నా దగ్గర ఏదీ దాచలేడనుకున్నాను."

అబద్ధాల శాస్త్రంలో నిపుణుణ్ణనుకుని తొమ్మిదేళ్లు మురిసిపోయిన మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యదు.

"మరైతే ఈ మారథాన్ ఎందుకు?"

"మీరే చెబుతారని మూడు నెలలు చూశాను. చెప్పలేదు. పైగా రోజూ చొక్కా తడుపుకుని వస్తున్నారు. మొదట్లో వీపు ఒక్కటే తడిసేది. తర్వాత తర్వాత చంకల్లో కూడా తడపడం మొదలుపెట్టారు. రోజూ సాధన చేస్తున్నారు కదా, ఎక్కడ నేర్చేసుకుంటారోనని నాకు భయమేసింది."

నవ్వబోయి ఏడ్చింది. ఏడవబోయి నవ్వింది. నేను చెయ్యి వెయ్యబోతే భుజం పైకి లేవలేదు. ఆవిడే నా చెయ్యి ఎత్తి తన భుజం మీద వేసుకుంది.

కాసేపటికి నిదానం, ఆవిడ కలిసి నన్ను బీరువా ఎత్తినట్టు ఎత్తి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. బండి కదిలింది. నాకెంత హాయిగా ఉందో! కొత్త కాపురం, నిజం చెప్పేసిన గుండె, మెత్తటి స్ట్రెచర్.

"ఇకమీదట ఎక్కడ నొప్పి ఉన్నా చెప్పాలి" అంది.

"చెబుతాను."

"ఇప్పుడు చెప్పండి."

"మోకాళ్లు. మడమలు. ఎడమ బొటనవేలి గోరు ఊడినట్టుంది. నడుము. భుజాలు. దవడ కూడా, ఎందుకో తెలియదు."

"ఇంకా?"

"ఇక్కడ కొంచెం బరువుగా ఉంది. ఇందాకట్నుంచి." రొమ్ము కింద చెయ్యి పెట్టి చూపించాను. "ఏం లేదులే. అరగలేదంతే."

ఆ మాట నోటి నుంచి వచ్చాక తెలిసింది ఏమన్నానో.

ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"నిదానంగారూ, పోనివ్వండి!"

"అది కాదు, నిజంగానే అరగ..."

"మాట్లాడకండి!"

"నా చెవులు చూడు! ఎర్రబడ్డాయా?"

"ఎండకి మనిషి మొత్తం ఎర్రగా ఉంటే చెవులెక్కడ చూడను!"

సైరన్ మోగింది. ఆసుపత్రికి దగ్గరి దారి మైదానంలోంచే. అలా నా మొదటి మారథాన్ ముగింపు గేటుని నేను వెల్లకిలా పడుకుని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, ఎనభై వేగంతో దాటాను. మైకులో ఎవరో చప్పట్లు కొట్టమన్నారు.

క్యాజువాలిటీలో నా చొక్కా కత్తెరతో కోసేశారు. ఒంటి నిండా వైర్లు తగిలించారు. రక్తం తీశారు, గంట ఆగి మళ్లీ తీశారు. ఆ గంట సేపూ ఆవిడ నా మంచం ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను జోకులు వెయ్యలేదు. పక్క గదిలోంచి మధ్యాహ్నం వచ్చిన ఆ మాస్టారి బంధువుల ఏడుపు వినిపిస్తోంది. ఆ గోడ ఎంత పలచనిదో అప్పుడే చూశాను.

చివరికి డాక్టరమ్మ వచ్చింది. కాగితాలు తిప్పి, నా పొట్ట మీద రెండు వేళ్లతో తట్టి వింది.

"ఏం తిన్నారు?"

"రెండు అరటిపండ్లు. ఉప్పునీళ్లు. బన్ను."

"బన్ను ఎప్పుడు?" అంది మా ఆవిడ.

"బయల్దేరే ముందు. అలవాటు కదా."

"గుండె రాయిలా ఉంది. గ్యాస్" అని డాక్టరమ్మ వెళ్లిపోయింది.

నిజాలు చెప్పడం మొదలుపెట్టిన రోజే నేను చెప్పిన నిజం "అరగలేదు" అన్నది. దాన్ని నమ్మించడానికి ఒక అంబులెన్సు, ఇద్దరు నర్సులు, రెండు రక్త పరీక్షలు కావలసి వచ్చాయి. అబద్ధమే నయం, ఒక్క మనిషితో సరిపోయేది.

ఆ మాట ఆవిడతో అందామని తల తిప్పాను. ఆవిడ నా ఈసీజీ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని, ఒక్కో గీత మీదుగా వేలు పోనిస్తూ చూస్తోంది. చివరికి చేరి, మళ్లీ మొదటికొచ్చింది.

"బాగానే ఉంది కదా?" అన్నాను. "ఇంటికి పోదామా?"

"ఉండండి. ఇంకోటి తీస్తాను."

"ఎందుకు? బాగాలేదా?"

"బాగుంది. అందుకే ఇంకోసారి చూడాలనుంది."

రెండోది తీసింది. అదీ బాగానే ఉంది. నేను నోరు మూసుకుని, మూడోదానికి దుప్పటి నేనే తీసి పడుకున్నాను.